మా హాస్టల్లో లేని అమ్మాయికి ఒక గిటారు

పొద్దున పదింటికి మా హాస్టలు ఖాళీ అయిపోతుంది. అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టలు నడిపే ఏ మనిషికైనా ఊపిరి తీసుకునే సమయం అదొక్కటే. ఎనిమిదింటికి టిఫిన్లు మొదలు. ఆ తర్వాత "ఆంటీ, రెండో ఫ్లోరులో నీళ్ళు రావట్లేదు", "ఆంటీ, నా లంచ్ బాక్సు ఎవరో పట్టుకుపోయారు" అంటూ అరవైమంది నా చుట్టూ తిరిగి, చివరికి బ్యాగులు తగిలించుకుని కోచింగు సెంటర్లకి పరుగులు తీస్తారు. పన్నెండింటికి మళ్ళీ వంటింట్లో సాంబారు సంగతి చూడాలి. మధ్యలో రెండు గంటలు నావి. పద్దెనిమిదేళ్ళుగా ఆ రెండు గంటల్లో ప్లంబర్ల వెంట పడటం తప్ప నేను వెలగబెట్టిందేమీ లేదు.

పోయిన ఏడాది వేసవిలో మాత్రం ఆ రెండు గంటల్లో ఒక అబద్ధాన్ని పెంచి పోషించాను.

అసలు సంగతి చెప్పేస్తాను. నాకు ఎలక్ట్రిక్ గిటారు కావాలి. ఎవరికో కాదు, నాకే, యాభై మూడేళ్ళ హాస్టలు ఆంటీకి. ఈ పిచ్చి నిన్నా మొన్నటిది కాదు. పదహారేళ్ళప్పుడు మా తూర్పుగోదావరిలో ఒక పెళ్ళికి ఆర్కెస్ట్రా పెట్టారు. నన్ను తాంబూలాలు సర్దడానికి స్టేజీ పక్కన కూర్చోబెట్టారు. అక్కడ గిటారు వాయిస్తున్నాయన తీగ మీద వేలు నొక్కి, ఆ తీగను అలాగే పక్కకి లాగాడు. స్వరం పైకి ఎక్కింది. మనిషి గొంతు ఎక్కినట్టే ఎక్కి, అక్కడే కాసేపు నిలబడి, మెల్లిగా దిగింది. నా చేతిలో తమలపాకులు చేతిలోనే ఉండిపోయాయి. మా మేనత్త వచ్చి నెత్తిన ఒక్కటిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు.

తర్వాత పెళ్ళి, హైదరాబాదు, హాస్టలు. గిటారు ఊసెత్తడానికి తీరికేదీ? పిల్లలు ఫోన్లలో చూసే వీడియోలు నాకూ అలవాటయ్యాక, ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ చూస్తుంటే ఎవరో అమ్మాయి మళ్ళీ అలాగే తీగ లాగింది. ఇంకేముంది! ఆ ఆదివారం భోజనాల దగ్గర నోరు జారాను. "నాకు గిటారు నేర్చుకోవాలనుందండీ" అన్నాను.

మా ఆయన, వాళ్ళ తమ్ముడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత నవ్వారు చూడండి, మా మరిదికైతే పొలమారింది.

"హాస్టలు మూసేసి ఆర్కెస్ట్రా పెట్టేద్దామా? నేను డప్పు కొడతాను" అన్నారు మా ఆయన.

నేనూ నవ్వాను. పెరుగు వడ్డించాను. వంటింట్లోకెళ్ళి చెయ్యి కడుక్కుంటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, అదే చిక్కు. చెడ్డవాళ్ళయితే నాలుగు దులిపేసి ఊరుకునేదాన్ని. ఆ రోజే అనుకున్నాను, ఈ సంగతి ఇంక ఎవరికీ చెప్పకూడదని. గిటారు మాత్రం కొని తీరాలని.

డబ్బుకి ఇబ్బంది లేదు గానీ హద్దు ఉంది. హాస్టలు ఖాళీ చేసిపోయే పిల్లలు కోర్సు పుస్తకాలు గుట్టలుగుట్టలుగా వదిలేసిపోతారు. అవి పాతపేపర్ల వాడికి వేసిన డబ్బు నాది, దాని లెక్క ఎవరూ అడగరు. పద్నాలుగు వేలు పోగయ్యాయి. అందులోనే అన్నీ రావాలి.

వీడియోలు చూసి చూసి నాకేం కావాలో వారం టిఫిన్ల కాగితం వెనక రాసుకున్నాను. ఒకవైపు సోమవారం ఇడ్లీ, మంగళవారం ఉప్మా, రెండోవైపు గిటారు. మొట్టమొదట బరువు తక్కువగా ఉండాలి. రెండేళ్ళ కిందట నా ఎడమ భుజం బిగుసుకుపోయింది, గిటారు పట్టీ వేలాడేది సరిగ్గా ఆ భుజానికే. మెడ సన్నగా ఉండాలి, మెడ అంటే వేళ్ళు నొక్కే కర్ర, నావి పొట్టి వేళ్ళు మరి. మా బిల్డింగు వైరింగు సంగతి దేవుడికే తెలియాలి, గ్రైండరు వేస్తే టీవీ గురక పెడుతుంది, కాబట్టి గుయ్యిమనే రొద రాకూడదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకునే వీలుండాలి. ఆఖరిది ఎందుకో మీకు తెలుసు. మా మరిది చెవిన పడకూడదు.

పంజాగుట్టలో ఒక సందులో, కళ్ళజోళ్ళ కొట్టు పక్కన, చిన్న వాయిద్యాల కొట్టు ఉందని కనుక్కున్నాను. మెట్రోలో ఒకటే స్టేషను. పదింబావుకి బయల్దేరి, పదిన్నరకి అక్కడున్నాను. కొట్టాయన అప్పుడే షట్టరు ఎత్తి, గుమ్మం ముందు నీళ్ళు చల్లి, దేవుడి పటానికి అగరొత్తులు వెలిగిస్తున్నాడు. యాభై ఏళ్ళుంటాయి, లావు కళ్ళద్దాలు. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో వాయించేవాడట, ఇప్పుడు అమ్మకాలు, రిపేర్లు.

"రాండ్రి అమ్మా, బోణీ మీదే" అన్నాడు సంతోషంగా. "ఎవ్వలికి? బాబుకా, పాపకా?"

అదిగో, అక్కడ వచ్చింది తంటా. నాకే అనడానికి నోరు తెరిచాను. మా మరిదికి పొలమారిన చప్పుడు చెవిలో వినిపించింది.

"మా హాస్టల్లో ఒక అమ్మాయికండీ" అన్నాను.

అలా పుట్టింది ఆ పిల్ల. నేను కాగితం తీసి ఒక్కొక్కటే చదువుతుంటే దానికి ఒళ్ళూ కాళ్ళూ వచ్చాయి. దానివి పొట్టి వేళ్ళు. దానికి భుజం నొప్పి.

"అయ్యో, గింత చిన్న వయసుల భుజం నొప్పి ఏందమ్మా?"

"స్కూటీ మీంచి పడింది."

"పాపం! జర నువ్వుల నూనె గోరువెచ్చగ జేసి రాయమనుండ్రి."

నాలుగైదు గిటార్లు చూపించాడు, ధరలు చెప్పాడు. "సరేనండీ, ఆలోచించుకుని వస్తాను" అని లేచాను. ఆయన మొహం మాడిపోయింది.

"అమ్మా, బోణీ గాలే. ఉత్త చేతుల్తోని పోవద్దు. ఇరవై రూపాలదైనా ఏదో ఒకటి తీస్కోండ్రి."

వేరేవాళ్ళయితే వాదించేవారేమో గానీ నేనూ వ్యాపారం చేసుకునేదాన్నే. కోర్సులు మొదలయ్యే రోజుల్లో మొదట వచ్చిన పిల్ల గది చూసి చేరకుండా వెళ్ళిపోతే నాకు ఆ రోజంతా మనసు మనసులో ఉండదు. అందుకని ఇరవై రూపాయలు పెట్టి ఒక పిక్కు కొన్నాను. పిక్కంటే తీగలు మీటే ప్లాస్టిక్ ముక్క, వేలెడంత కూడా ఉండదు. ఆయన నోటును కళ్ళకద్దుకుని దేవుడి పటానికి చూపించి గల్లాపెట్టెలో వేశాడు.

నాకు దొరికేది పొద్దున రెండు గంటలేనాయె. ఎప్పుడెళ్ళినా బోణీ నాదే అయ్యేది. రెండోసారి వెళ్ళాను, ఇంకో పిక్కు. మూడోసారి మరొకటి. ఒకసారి దారిలో ఎవరైనా ముందు వెళ్ళి కొనుక్కుంటారేమోనని కళ్ళజోళ్ళ కొట్టు ముందు పావుగంట నిలబడ్డాను కూడా. ఒక్క పురుగు రాలేదు. ఆరుసార్లు తిరిగేసరికి గిటారు లేకుండానే ఆరు రంగుల పిక్కులు పోగయ్యాయి నా పర్సులో. కూరగాయలవాడికి చిల్లర ఇస్తుంటే అవి కూడా చేతిలోకి వచ్చేవి. "ఇవేంటమ్మా" అని అతనంటే "నీకెందుకయ్యా, బెండకాయలు సరిగ్గా తూచు" అని కసిరాను.

కొట్టాయన మాత్రం గిటారు ఇవ్వడు! డబ్బు తీసుకోవడానికి అడ్డేంటో నాకర్థం కాలేదు.

"పిల్లను తీస్కరాండ్రి అమ్మా. చెయ్యి సూడకుండ మెడ ఎట్ల జెప్త? గిదేమన్న చీరనా, మీకు నచ్చితే ఆమెకు సుత నచ్చుతది అనుకునేటందుకు?"

"దానికి క్లాసులండీ. తీరికుండదు."

"మరి వాయించేటందుకు ఏడికెల్లి వస్తది తీరిక?"

ఇంకో పిక్కు కొనుక్కుని వచ్చేశాను. ఒకసారి ఒక గిటారు నా చేతికిచ్చి "బరువు జర మీరే సూడుండ్రి" అన్నాడు. పట్టుకున్నాను. పళ్ళెం పట్టుకున్నట్టు, రెండు చేతులూ చాచి, ఒంటికి ఆనించుకోకుండా. ఆనించుకుంటే నా మొహంలో తెలిసిపోతుందని భయం. వెనక్కి ఇచ్చేస్తుంటే చెయ్యి రాలేదు. ఆ రోజు మెట్రోలో నా మీద నాకే ఒళ్ళు మండింది. అరవైమంది పిల్లల్ని గుడ్లురిమి అదుపులో పెట్టేదాన్ని, ఒక కొట్టువాడి ముందు "నాకు కావాలి" అన్న రెండు మాటలు అనలేకపోతున్నానే అని.

ఇంక లాభం లేదని ఒక పిల్లను తీసుకెళ్ళాలని నిశ్చయించుకున్నాను. మూడో ఫ్లోరులో జగిత్యాల వైపు అమ్మాయి ఒకతె, గ్రూప్స్ పరీక్షలకి చదువుతోంది. వెదురుబొంగులా పొడుగ్గా ఉంటుంది, నోరు దానికంటే పొడుగు. ఆ రోజు క్లాసు లేదని గదిలో ఉంది.

"నాతో పంజాగుట్ట దాకా రావాలే. మసాలా దోశ పెట్టిస్తాను."

"ఎందుకాంటీ?"

"మా చుట్టాలమ్మాయికి గిటారు కొనాలి. ఆ పిల్ల రాలేకపోయింది. నువ్వే ఆ పిల్లవన్నట్టు నిలబడు. ఏమీ మాట్లాడకు. తలాడించు, చాలు."

"యాక్టింగా ఆంటీ? మస్తుంటది, పాండ్రి!"

మొదటి అబద్ధం మీద రెండో అబద్ధం. పైగా భుజం నొప్పి సంగతి, పొట్టి వేళ్ళ సంగతి దానికి చెప్పడం శుభ్రంగా మర్చిపోయాను. పద్దెనిమిదేళ్ళుగా ఆడపిల్లలు చెప్పే అబద్ధాలన్నీ ఇట్టే పట్టేసిన మనిషిని, సొంతానికొచ్చేసరికి అడ్డంగా దొరికిపోయాను.

కొట్టాయన ఆ అమ్మాయిని చూసి చాలా సంతోషించాడు. "వచ్చినవా బిడ్డా! గిన్ని దినాల సంది ఎదురుసూస్తున్న" అని ఒక నల్ల గిటారు తీసి ఇచ్చాడు. ఆ పిల్ల మెడలో పట్టీ వేసుకుని, కాలు ముందుకు పెట్టి, జుట్టు ఎగరేసి నిలబడింది. అద్దంలో చూసుకుంది కూడా.

"ఆంటీ, గిది మస్తున్నది. గిదే తీస్కుందాం."

"బరువుగా ఉంది కదా" అన్నాను నేను.

"ఏం లేదు ఆంటీ, దూదిలెక్కుంది."

"నీకు భుజం నొప్పి కదే!"

"నాకా?"

నేను కళ్ళతో సైగ చేశాను. అది నా కళ్ళలో ఏదో పడిందనుకుంది. "కండ్లకు నీళ్ళు గొట్టుకోండ్రి ఆంటీ" అంది.

కొట్టాయన కళ్ళద్దాలు సరిచేసుకుని ఒకసారి దాన్ని, ఒకసారి నన్ను చూశాడు. "స్కూటీ మీదికెల్లి పడ్డవంట గదా బిడ్డా" అన్నాడు.

"నాకు స్కూటీ రాదన్నా."

"అది వెనక కూర్చుంది" అన్నాను. "మెడ కూడా లావుగా ఉందండీ, దీని వేళ్ళకి అందదు."

ఆ మాట వినగానే మహాతల్లి ఎడమచెయ్యి చాచి చూపించింది. బెండకాయల్లాంటి వేళ్ళు. గిటారు మెడ చుట్టూ తిరిగి ఇంకా మిగిలాయి. కొట్టాయన ఆ వేళ్ళవైపు చాలాసేపు చూశాడు.

"అమ్మా, అసలు భుజం నొప్పి ఎవ్వలికి?"

నేను నోరు తెరిచేలోపల అది అందుకుంది. "ఆంటీకేనన్నా! పై అరల కెల్లి గిన్నె సుత తీయరాదు, మేమే తీసిస్తం."

తల కొట్టేసినట్టయింది. కొట్టులో ఫ్యాను తిరుగుతోంది. కొట్టు ముందు అద్దం మీద ఎవరిదో స్కూటరు నీడ అటునుంచి ఇటు పోయింది. ఆయనకి మెల్లిగా అర్థమవుతోంది, ఆ అర్థమవడం నాకు కనిపిస్తోంది. కావాలని అన్నాడో అలవాటుగా అన్నాడో గానీ అనేశాడు:

"మీకా అమ్మా? గీ వయసులనా?"

అంతే. నాకు ఎక్కడలేని కోపం వచ్చేసింది.

"ఏం, నా వయసుకేమొచ్చిందండీ? మీరు గిటార్లు అమ్ముతున్నారా, వయసులు చూసి సీట్లిస్తున్నారా? ఆరుసార్లు బోణీ చేశాను మీకు. ఎండలో పడి వచ్చాను. ఒక్క రోజైనా అనిపించలేదా, ఈవిడ ఎవరో పిల్ల కోసం ఇంత తిరుగుతుందా అని? ఏ ఆంటీ తిరుగుతుందండీ హాస్టలు పిల్ల కోసం? నాకే. నాకే కావాలి. నా భుజమే నొప్పి. ఇవిగో, నా వేళ్ళే పొట్టి!"

చెయ్యి చాచి ఆయన మొహం ముందు పెట్టాను. అబద్ధం చెప్పింది నేను, అరిచింది కూడా నేనే. ఆ ముక్క నాకు అరుస్తుండగానే తెలుస్తోంది. అయినా ఆగలేదు. చేరిన రెండేళ్ళలో నోరు మూయని మా జగిత్యాల అమ్మాయి గిటారుతో సహా రెండడుగులు వెనక్కి వేసింది.

కొట్టాయన నల్ల గిటారు దాని మెడలోంచి మెల్లిగా తీసి గోడకి తగిలించాడు. రెండు చెవులూ పట్టుకున్నాడు.

"తప్పయింది అక్కా. మాఫ్ జెయ్యుండ్రి." అమ్మా పోయి అక్కా వచ్చింది. "గిన్ని దినాలు లేని పిల్లకు సూపెట్టిన. ఇగ ఉన్న మనిషికి సూపెడత. గిట్ల కూసోండ్రి."

స్టూలు తుడిచి వేశాడు. నా ఎడమచెయ్యి తీసుకుని బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా జానెడు ఎంతుందో కొలిచి చూశాడు. టైలరు కొలత తీసినంత శ్రద్ధగా. భుజం ఎంత ఎత్తుకి లేస్తుందో చూపించమన్నాడు. నేను సగం దాకా ఎత్తి ఆగిపోతే నవ్వలేదు, జాలీ పడలేదు. "వెడల్పు పట్టీ కావాలె, సన్నది కోస్తది" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

మొదట ఇచ్చినది బరువు. ఒడిలో పెట్టుకుంటేనే భుజం మూలిగింది. రెండోది అందంగా ఉంది, అడుగున కదిలే కడ్డీ ఒకటి ఉంది, దాన్ని ఊపితే స్వరం ఊగుతుంది. నాకు మనసైంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గిది వద్దక్కా. కొత్తల గీ కడ్డీ ఉంటె శ్రుతి నిలవది. పొద్దంత శ్రుతి పెట్టుకునుడే అయితది, వాయించుడు కాదు. కదలనిది తీస్కోండ్రి."

"మరి రొద సంగతో?"

ఆయన ఒక గిటారు స్పీకరుకి తగిలించి ట్యూబులైటు కిందకి తీసుకెళ్ళాడు. చెవి దగ్గర దోమలా గుయ్యిమంది. "గీ తీగల కింద అయస్కాంతాలు ఒక్కటే వరుస ఉన్నయి. మీ హాస్టల్ల గ్రైండరేస్తే గిది ఏడుస్తది. జోడు వరుసలున్నది కావాలె మీకు." అని కాసేపు గోడ వైపు చూసి, లోపలి గదిలోకి పోయాడు. ఏవో డబ్బాలు జరిపిన చప్పుడైంది. దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు, చేతిలో ఒక గిటారు.

దాని రంగు గురించి చెప్పాలి. పిల్లలకి తాగించే దగ్గుమందు ఉంటుంది చూడండి, ఆ గులాబీ. చూస్తేనే నోట్లో చేదు తీపి తగిలింది. అడుగున వేలెడు గీత కూడా ఉంది.

"నవ్వకుండ్రి. రంగు సూసి ఎవ్వలు తీస్కుంటలేరు. రెండేండ్ల సంది గిట్లనే ఉన్నది. కట్టె మాత్రం మస్తు తేలిక. మెడ సన్నం. జోడు వరుస. కడ్డీ లేదు. మీ కాగితం మీద ఉన్నయన్నీ గీ దగ్గుమందుల ఉన్నయి."

దగ్గుమందని ఆయనే అన్నాడు, నేను పైకి అనలేదు.

వెడల్పు పట్టీ వేసి నా భుజానికి తగిలించాడు. ఈసారి పళ్ళెంలా పట్టుకోలేదు, ఒంటికి ఆనించుకున్నాను. భుజం ఏమంటుందోనని చూశాను. ఏమీ అనలేదు. వేళ్ళు మెడ చుట్టూ వేస్తే చిటికెనవేలు కూడా తీగ దాకా వెళ్ళింది. స్పీకరుకి తగిలించి ట్యూబులైటు కింద నిలబెట్టాడు, రొద లేదు. ఫ్యాను చప్పుడూ, బయట ఆటోల గోలా తప్ప ఏమీ లేదు.

"మూడో వేలుతోని ఒత్తుండ్రి. ఎనక రెండు వేళ్ళు సాయం పెట్టుండ్రి. ఇగ మీటి, పైకి నూకుండ్రి."

మొదటిసారి టక్కుమని చచ్చిపోయింది స్వరం. వేలి కొస మంటెత్తింది. రెండోసారి తీగ జారిపోయింది. మూడోసారి పళ్ళు బిగించి తోశాను. ఎక్కింది. వంకరగా, వణుకుతూ, శ్రుతి కొంచెం తప్పి, అయినా ఎక్కింది. నా వేలి కింద ఎక్కింది. ఏడ్చాను, దాచుకోవడమెందుకు. కొట్టాయన గల్లాపెట్టెలో ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగాడు. మా అమ్మాయి మాత్రం ఎగిరి గంతేసి, "ఆంటీ, మళ్ళొక్కసారి!" అంది. ఆరేడుసార్లు చేశాను, సిగ్గు లేకుండా.

బేరం మొదలైంది. గిటారు, చిన్న స్పీకరు, రెంటినీ కలిపే వైరు, సంచి అన్నీ కలిపి పదిహేడు వేలు అన్నాడు. నేను నా పద్నాలుగు వేలు కౌంటరు మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. అడ్మిషన్ల సీజన్లో ఫీజు తగ్గించమని తండ్రులు వస్తే నేనెలా కూర్చుంటానో అలాగే.

"గంతల రాదక్కా."

"గీత పడింది. రంగు చూస్తే పసిపిల్లలు జడుసుకుంటారు. రెండేళ్ళుగా మీ చోటు తినేస్తోంది. పైగా బోణీ."

ఆయన దేవుడి పటం వైపు ఒకసారి చూశాడు. బోణీ అన్న మాట పడ్డాక ఇంక కాదనలేడని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. కొత్త స్పీకరు పక్కన పెట్టి, తాను బాగుచేసిన పాతది తీసుకొచ్చాడు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే కన్నం ఉన్నదే. డబ్బు కళ్ళకద్దుకున్నాడు.

"పిక్కులు గావాల్నా అక్కా?"

"మీకు దండం పెడతాను, వద్దు" అన్నాను. ముగ్గురం నవ్వాం.

దోశలు తిని మెట్రోకి వచ్చాం. గిటారు సంచి నా కుడి భుజానికి, స్పీకరు అమ్మాయి చేతిలో. స్టేషన్లో బ్యాగుల్ని తనిఖీ చేసేచోట సెక్యూరిటీ ఆవిడ సంచి మెషిన్లోంచి బయటికి రాగానే మా అమ్మాయి వైపు తిరిగి, "గిటార్ వాయిస్తవా చెల్లే? ఏ కాలేజీ?" అంది. అది నా వైపు చూసింది. నేను పైన రైళ్ళ వేళలు తెలిపే బోర్డు వైపు చూశాను. గంట కిందట కొట్టు కప్పు ఎగిరిపోయేలా అరిచిన మనిషిని, గమ్మున నిలబడ్డాను. అమ్మాయి "ఆఁ" అని ఊరుకుంది.

రైలెక్కాక అంది. "గా కొట్టుల అన్న మీద అంత లొల్లి జేసిండ్రు. గీడ ఎందుకు సప్పుడు చేయలే ఆంటీ?"

"ఒక్క స్టేషనే కదా, నోరు మూసుకుని కూర్చోవే" అన్నాను. కూర్చోవడానికి చోటు కూడా లేదు.

అది అడిగిన దానికి జవాబు నాకు తెలుసు. కొట్టాయన రేపట్నుంచి కనపడడు. ఆయన ముందు పరువు పోయినా పోయిందే. కానీ ఇంట్లోవాళ్ళ నవ్వు రోజూ వినాలి. టిఫిన్ల దగ్గర, భోజనాల దగ్గర, చుట్టాలొచ్చినప్పుడల్లా. ఆ నవ్వులో కొన్నాళ్ళకి గిటారు అటకెక్కేస్తుంది. స్టేషను మెట్లు దిగుతూ ఒక ఉపాయం కూడా ఆలోచించాను. గిటారు మూడో ఫ్లోరులో ఈ పిల్ల గదిలో ఉంచేస్తే సరి. మా ఆయన కూరల మార్కెట్టుకి వెళ్ళినప్పుడు పైకెళ్ళి వాయించుకోవచ్చు. ఆ పిల్ల ఇంకో దోశకి ఒప్పుకునేదే. అడగడానికి నోటిదాకా వచ్చింది కూడా.

సందు మలుపు తిరిగేసరికి మా ఆయన గేటు దగ్గరే ఉన్నారు. గ్యాసు బండలు దిగుతున్నాయి. ఆయన చీటీ చేత్తో పట్టుకుని ఎన్ని ఖాళీవి పోయాయో చూసుకుంటున్నారు. తలెత్తి, నా భుజాన సంచిని చూశారు, పక్కన స్పీకరు మోస్తున్న అమ్మాయిని చూశారు.

"ఏమ్మా, గిటారు కొన్నావా? బాగుంది. ఆంటీ చేత మోయిస్తున్నావా?" అన్నారు దానితో, ఎంతో ప్రేమగా.

అమ్మాయి ఈసారి నా వైపు చూడలేదు. తల వంచుకుని, స్పీకరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "ఆఁ" అనడానికి సిద్ధంగానే ఉంది పాపం, నా కోసం. అది చూసి నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళ పిల్ల నా కోసం నా మొగుడితో అబద్ధం చెప్పడమేమిటి?

"దానిది కాదండీ" అన్నాను. "నాది."

ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. గ్యాసు బండ దింపుతున్నతను కూడా ఆగి చూశాడు. మా ఆయన పెదవి కొస కదిలింది. ముప్ఫై ఏళ్ళుగా ఎరుగుదును ఆ కదలికని. నేను నిలబడ్డచోటే నిలబడ్డాను. సంచి పట్టీని గట్టిగా పట్టుకున్నాను.

"నవ్వండి, ఫర్వాలేదు. నేను మాత్రం నేర్చుకుంటాను."

ఆయన నా మొహం వైపు చూశారు. పెదవి కొస మళ్ళీ కిందకి దిగింది. ఆ ఆదివారం నేను వంటింట్లోకి ఎందుకెళ్ళానో ఆయనకి అప్పుడు తెలిసినట్టుంది. రెండడుగులు ముందుకేసి చెయ్యి చాచారు.

"అది సరే గానీ, అంత బరువు నువ్వెందుకు మోస్తున్నావు? ఇటివ్వు, భుజం మళ్ళీ పట్టేస్తుంది."

నేను ఇవ్వలేదు. సంచిని కుడి భుజం మీంచి తీసి, అందరూ చూస్తుండగా ఎడమ భుజానికి తగిలించుకున్నాను.

"బరువు లేదండీ" అన్నాను. "ఈ భుజానికి చూసుకునే కొన్నాను."